దాచిన వాలు

పోయిన వారం అక్కగారిని మూడో అంతస్తు మెట్ల దగ్గర నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. లిఫ్టు పనిచేయడం లేదు. కింద నుంచి బూట్ల చప్పుడు ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి వస్తోంది. ఎడమ కాలు కాస్త ఈడ్చి వేసే ఆ నడక ఎవరిదో ఆమె చూడక్కర్లేదు. మూడేళ్ళుగా ఆ నడకకు ఈ అంతస్తు మీద నిషేధం. అది ఇవాళ మధ్యాహ్నంతో తీరిపోతుంది.

ఈ వారమే కొత్తగా మనతో కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. పాతవాళ్ళు ఓపిక పట్టండి. పట్టలేకపోతే కింది పేరాలు దాటేసి వెళ్ళిపోండి, నేనేమీ అనుకోను.

అదొక పరిశోధన సంస్థ. ఆ అంతస్తులో రెండు గడియారాలున్నాయి. వాటికి ముళ్ళు లేవు, టిక్కుటిక్కులు లేవు. ఒకటి పరమాణువు పై పొరలో ఉండే ఎలక్ట్రాన్ల లయను పట్టుకుని నడుస్తుంది. రెండోది పరమాణువు నడిబొడ్డున కూర్చున్న కేంద్రకం లయతో నడుస్తుంది. ఈ రెండోదాన్ని నడిపేది అక్కగారే, అక్కడ అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. గోరంత స్ఫటికంలో థోరియం అనే లోహపు పరమాణువులు, దాని మీద కంటికి కనిపించని అతినీలలోహిత లేజరు. ప్రకృతిలో కొన్ని అంకెలు ఎన్నటికీ మారవని మనందరం బళ్ళో చదువుకున్నాం. విద్యుత్ బలం ఎంతన్నది అలాంటి అంకె. అది నిజంగానే మారదా, లేక మన కళ్ళు కప్పి మెల్లగా జారుతోందా? జారితే పై పొర గడియారం పెద్దగా పట్టించుకోదు. కేంద్రకం గడియారం మాత్రం దానికి వేల రెట్లు ఉలిక్కిపడుతుంది. అందుకని రెండింటినీ పక్కపక్కన నడిపి, వాటి మధ్య తేడాను రోజుకొక చుక్కగా తెర మీద పెడుతూ పోతారు. చుక్కలన్నీ కలిపిన గీత చదునుగా ఉంటే లోకం క్షేమం. వాలుగా ఉంటే పాఠ్యపుస్తకాలు తిరగరాసుకోవాలి.

అయితే మనిషి కన్ను మహా మోసకారి. చూడాలనుకున్నదే చూస్తుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు కనుక వాళ్ళకొక పద్ధతి ఉంది. పని మొదలయ్యే ముందే, గడియారాలతో సంబంధం లేని మనిషి ఒకరు తనకు తోచిన వాలు ఒకటి రహస్యంగా లెక్కలో కలిపేస్తారు. తెర మీద కనిపించే గీతలో ప్రకృతి వాటా ఎంతో, ఆ మనిషి వాటా ఎంతో ఎవరికీ తెలియదు. పరీక్షలు, సరిదిద్దడాలు, రాతకోతలు అన్నీ ముగిశాక, అందరి ఎదుటా ఆ మనిషి తన అంకెను తెరుస్తాడు. అది తీసేయగా మిగిలిందే ఫలితం. తెరిచాక ఒక్క చుక్కను కూడా కదపకూడదు, వచ్చింది వచ్చినట్టు అచ్చుకు పంపాలి. అంకె పెట్టిన మనిషి గీతను చూడకూడదు. గీత చూసేవాళ్ళు అంకెను అడగకూడదు. ఆ మనిషిని అంతస్తులో అందరూ తాళంచెవి అంటారు.

ఆ తాళంచెవి అక్కగారి మొగుడు.

వేరే మనిషే దొరకలేదా అని మీలో చాలామంది ఉత్తరాలు రాసి మరీ నన్ను నిలదీశారు. గణితం బాగా తెలిసి, గడియారాలు ఏమాత్రం తెలియక, చచ్చినా నోరు విప్పని మనిషి కావాలన్నారు పెద్దాయన. పెద్దాయనంటే ఆ సంస్థకు అధిపతి. వెతికితే అలాంటివాడు ఒక్కడే దొరికాడు, నేనేం చేయను? ఒప్పుకున్న రోజే ఆయన ఇంటికొచ్చి పెట్టె సర్దుకున్నాడు. ఒకే కప్పు కింద ఉంటే తన మొహం చూసి ఆవిడకు అంకె తెలిసిపోతుందనీ, ఆవిడ మొహం చూసి తనకు గీత తెలిసిపోతుందనీ చెప్పి, ఊరి ఆ చివర టైర్ల కొట్టు పైన గది తీసుకున్నాడు. ఏడాదిలో తేలిపోతుందన్నాడు. తల్లిని కోడలి దగ్గరే ఉంచాడు. తల్లిని చూడడానికి వచ్చినా భార్య పనిలో ఉండే వేళ చూసుకుని వచ్చేవాడు. ఇంటికి వచ్చేసరికి సింకు పక్కన కడిగి బోర్లించిన కప్పు ఒకటి ఎక్కువ కనిపిస్తే, ఈవేళ వచ్చి వెళ్ళాడన్నమాట అనుకునేది ఆమె.

ఏడాది మూడేళ్ళయింది. ఫోనులో గ్యాస్ బండ గురించి, కారుతున్న కుళాయి గురించి, అత్తగారి రక్తపోటు మాత్రల గురించి మాట్లాడుకునేవారు. పని ఊసు ఎత్తకూడదు కనుక ముందు పని ఊసు మానేశారు. తర్వాత పనికి దగ్గరగా ఉండే ఊసులు మానేశారు. ఆమె రోజంతా ఉండేది పనిలోనే కనుక ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"కాపురం చేయమంటే కాపలా కాస్తున్నారేమే మీరిద్దరూ?" అని అత్తగారు ఒకనాడు విసుక్కుంది. కోడలు నవ్వేసి ఊరుకుంది. ఆ పూట అన్నం మాత్రం సహించలేదు.

సరే, మెట్ల దగ్గరకు వద్దాం.

ఆయన మలుపు తిరిగి పైకి వచ్చాడు. చొక్కా సొంతంగా ఇస్త్రీ చేసుకున్నట్టుంది, కాలరు ఒక పక్క మడత పడి ఉంది. చెవుల దగ్గర జుట్టు బాగా నెరిసింది. ఆ కాలరు సర్దుదామని చెయ్యి దానంతటదే లేవబోయింది. ఆమె దాన్ని కోటు జేబులో పెట్టేసుకుంది.

"బాగున్నారా?" అంది. నలుగురిలో మీరు అనడం అలవాటు. అక్కడ నలుగురు కాదు కదా ఒక్కరు కూడా లేరు. అయినా నోటికి అదే వచ్చింది.

"ఆఁ, బాగానే ఉన్నా. లిఫ్టుకేమైంది?"

"వారమైంది. బాగుచేసే మనిషి వస్తా వస్తా అంటాడు, రాడు."

"అమ్మకి మాత్రలు..."

"నిన్ననే తెచ్చాను."

అంతే, సరుకు అయిపోయింది. ఇద్దరూ గోడ మీద అంటించిన అగ్నిమాపక సూచనలు శ్రద్ధగా చదివారు.

పెద్దాయన, అంకె తెరవడం చూడడానికి బయటి నుంచి వచ్చిన అతిథులకు భోజనం పెట్టించి తీసుకురావడానికి వెళ్ళారు. వాళ్ళు వచ్చేదాకా తాళంచెవిని కూర్చోబెట్టడానికి గీత కనిపించని చోటు ఆ అంతస్తులో ఒక్కటే, కాఫీ గది. రెండు కుర్చీలు, మరకలు పడ్డ బల్ల, గుర్రుమని మూలిగే కాఫీ యంత్రం, కింద కార్లు నిలిపే జాగా వైపు ఒక కిటికీ. ఆమె రెండు కప్పులు పట్టింది. ఒకదానిలో చక్కెర వేయబోయి ఆగింది. ఆయన ఇప్పుడు చక్కెర వేసుకుంటున్నాడో లేదో తెలియలేదు. అడగడానికి నోరు రాలేదు, రెండు పొట్లాలు కప్పు పక్కన పెట్టి ఊరుకుంది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మొదటి వారం నుంచీ నా కడుపులో దాచుకుని ఉన్నాను. ఇవాళ ఉదయం నుంచీ అక్కగారి మొహంలో ఒక వెలుగుంది. ఎన్నాళ్ళో ఎదురుచూసిన చుట్టం దిగుతున్నాడంటే ఉండే వెలుగు. అది ఫలితం గురించి కాదు. ఫలితం ఆమెకు ముందే తెలుసు. తాళంచెవి దాచిన అంకె ఆమె ఎప్పుడో కనిపెట్టేసింది.

మొదటి ఏడాది చివర్లో గీత ఒక దారిన పడింది. వాళ్ళ కొలతల్లో దాని వాలు ముప్పై ఏడు. అది చూసి ఆమె ఒంటరిగా ఉన్న గదిలో పైకే నవ్వింది. ముప్పై ఏడు వాళ్ళిద్దరూ చదువుకునే రోజుల్లో ఎక్కిన బస్సు నంబరు. ఆయన పెట్టె తాళానికి అదే, ఫోను తెరవడానికి అదే, ఊరికే ఒక అంకె అనుకోమన్నా అదే. కర్టెన్ వెనక దాక్కుని కాళ్ళు బయటపెట్టిన పిల్లాడిలా దొరికిపోయాడనుకుంది. ముప్పై ఏడూ ఆయనదే అయితే ప్రకృతి వాటా సున్నా. ఏ అంకె కూడా జారడం లేదు, లోకం క్షేమం.

కనిపెడితే వెంటనే చెప్పాలన్నది నియమం. చెబితే పెద్దాయన కొత్త మనిషిని పెట్టి అంకె మార్పించేవారు. ఆమె చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మీరు ఊహించగలరు. ప్రతి ఉదయం గది తలుపు తీసి, దీపాలు వేసి, తెర మీద కొత్త చుక్క కనిపించగానే "వచ్చావా" అనుకునేది. మాట్లాడకూడదని కట్టడి చేస్తే, మాట్లాడడానికి ఆయన ఈ దారి కనిపెట్టాడనుకుంది. రోజూ తను చూస్తానని తెలిసే పెట్టాడనుకుంది. ఇంట్లో మంచం మీద పక్క ఖాళీగా ఉన్నా, ఇక్కడ ఒక గీత తనకోసం ఉందనే ధైర్యంతో మూడేళ్ళు నెట్టుకొచ్చింది. ఆ మాట ఇవాళ ఆయనకు చెప్పాలి. తెరవక ముందే, ఇద్దరే ఉన్నప్పుడే చెప్పాలి.

"ముప్పై ఏడు," అంది నవ్వుతూ.

ఆయన కప్పు దించాడు. "ఏంటి?"

"నీ అంకె. మొదటి ఏడాదే పట్టేశాను. ఎవరికీ చెప్పలేదులే, కంగారుపడకు." మీరు ఎప్పుడు నువ్వు అయిపోయిందో ఆమె గమనించుకోలేదు.

ఆయన మొహంలో నవ్వు రాలేదు. కనుబొమలు దగ్గరకొచ్చాయి. "గీత వాలు ముప్పై ఏడుందా?"

"ఉందా ఏంటి? నువ్వు పెట్టి నన్నడుగుతావేం?"

"నేను పెట్టలేదు."

"ఇక దాచేదేముంది చెప్పు. కాసేపట్లో నువ్వే అందరి ముందూ చెప్పాలి."

"నేను సున్నా పెట్టాను," అన్నాడు. "అంటే ఏమీ కలపలేదు."

కాఫీ యంత్రం గుర్రుమని ఆగిపోయింది. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. పెదాలకు కబురు అందడానికి కాస్త టైము పట్టింది.

"సున్నా పెట్టొచ్చా?"

"ఏ అంకైనా పెట్టొచ్చన్నారు పెద్దాయన. సున్నా కూడా అంకేగా. ఆ రోజు చాలాసేపు ఆలోచించాను. నేను ఏది పెట్టినా నువ్వు ఇట్టే పట్టేస్తావు, నా బుర్ర నీకు తెలిసినట్టు నాక్కూడా తెలీదు. పైగా గీత చూసినప్పుడల్లా అందులో నన్ను వెతుకుతావు. పని చెడుతుంది. అందుకని నన్ను నేనే అందులోంచి తీసేసుకున్నా."

ఒక శాస్త్రజ్ఞురాలు ఆ క్షణంలో ఏమనాలి? తాళంచెవి ఏమీ కలపలేదంటే ఆ వాలు ప్రకృతిది. ఎన్నటికీ మారదని బళ్ళో చెప్పిన అంకె మారుతోంది. ఎగిరి గంతేయాలి, అరవాలి, మెట్ల మీద పడి పరిగెత్తాలి. అక్కగారు అవేమీ చేయలేదు.

"అయితే అది నువ్వు కాదా?" అంది.

"కాదు."

"మూడేళ్ళూనా?"

"మూడేళ్ళూ."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అంటే ఒక్క మాట కూడా పంపలేదన్నమాట. నేనే పిచ్చిదాన్నై రోజూ ఆ గోడతో మాట్లాడుకున్నానన్నమాట."

"పంపకూడదనేగా అసలు రూలు..."

"రూలు నాకు తెలుసు! రూలు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను." కుర్చీ కాస్త వెనక్కి జరిపింది. "రూలు గురించి అడగట్లేదు నిన్ను. ఇంత సులువుగా ఎలా తీసేసుకోగలిగావని అడుగుతున్నా."

ఆయన కిటికీ వైపు చూశాడు. "సులువని ఎవరన్నారు? ఆ టైర్ల కొట్టు మీద నేనేం విందులు చేసుకుంటూ కూర్చోలేదు. పొద్దున లేస్తే గాలి కొట్టే మోటారు చప్పుడు, సాయంత్రం మళ్ళీ అదే. ఆదివారం అది కూడా ఉండదు. ఆదివారాల్లో మరీ కష్టంగా ఉండేది."

ఆ ఒక్క మాటా ఈ మూడేళ్ళలో ఎప్పుడైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదని ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, ఖాళీ కప్పును అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

అప్పుడు ఆయనలోని లెక్కల మనిషి మేల్కొన్నాడు. కుర్చీలో ముందుకు జరిగాడు. "ఉండు, ఉండు. నేనేమీ పెట్టకపోతే ఆ ముప్పై ఏడు నిజం. నిజంగా జారుతోంది. ఏమోయ్, ఏమంటున్నానో అర్థమవుతోందా నీకు? ఎంత పెద్ద మాటో తెలుస్తోందా?"

తెలుస్తోంది. ఆయన మొహం వెలుగుతున్న కొద్దీ ఆమె మొహం పాలిపోయింది. ముప్పై ఏడు. ముప్పై ఆరు కాదు, నలభై కాదు. ప్రకృతికి వాళ్ళ బస్సు నంబరుతో ఏం పని?

రెండో ఏడాది గీత పైకి లేచి నలభై నాలుగు దాకా పోయిన సంగతి ఆమెకు గుర్తొచ్చింది. ఏదో తప్పు జరిగిందనుకుని వెతికింది. స్ఫటికం వేడి కాస్త అటూ ఇటూ అయిన రోజులు దొరికాయి. ఆ రోజుల చుక్కలు తీసేసింది. గీత ముప్పై ఏడుకి దిగింది. హమ్మయ్య అనుకుని వెతకడం ఆపింది. మళ్ళీ లేస్తే మళ్ళీ వెతికింది. పక్క భవనంలో గోడలు కూలగొట్టిన రోజులు, ఏసీ మొరాయించిన రోజులు, లేజరు అద్దం మార్చిన రోజులు దొరికాయి. తీసేసిన ప్రతి రోజుకూ పక్కాగా ఒక కారణం ఉంది. గీత ముప్పై ఏడు దగ్గర బుద్ధిగా ఉన్న రోజుల్లో కూడా అవే కారణాలు ఉండి ఉంటాయి. ఆ రోజుల జోలికి ఆమె వెళ్ళలేదు.

అంతా ఆయనకు చెప్పింది. వింటున్న కొద్దీ ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"అంటే నీకు కావలసిన దగ్గర గీతను ఆపుకుంటూ వచ్చావు."

"నువ్వు ఉన్నావనుకున్న దగ్గర," అంది ఆమె.

"ఎన్ని రోజులు తీసేశావు?"

"లెక్కపెట్టుకోలేదు. చాలా."

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"నాకే. ఇప్పుడు నీకు."

తలుపు సందులోంచి ఒక తల తొంగిచూసింది. లేజరు నడిపే ఇంజనీరు. ఆమెను అందరూ లేజరమ్మ అంటారు. గలగలా మాట్లాడుతుంది, లేజరు దగ్గర మాత్రం ఊపిరి బిగబట్టి పనిచేస్తుంది. "అక్కగారూ, అందరూ వచ్చేశారు. పెద్దాయన పిలుస్తున్నారు. ఓ, బావగారు! ఎన్నాళ్ళకు దర్శనమిచ్చారు బావగారూ! ఇవాళ్టితో మీ వనవాసం తీరిపోయినట్టే." ఇద్దరి మొహాలూ చూసి నవ్వు సగంలో ఆపుకుంది. "రండి మరి," అని వెళ్ళిపోయింది.

ఆమె లేవలేదు. లోపల ఆ బల్ల ముందు ఈయన సున్నా అని చెబితే, ముప్పై ఏడు నిజమైపోతుంది. తెరిచాక చుక్క కదపకూడదు. రేపటికల్లా లోకమంతా ఆమె పేరు మారుమోగుతుంది, ఆ అంకె తను నొక్కిపట్టి కూర్చోబెట్టిందని ఆమెకు మాత్రం తెలుస్తూ ఉంటుంది. నోరు విప్పి చెబితే మూడేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరవుతుంది. ఆమెదే కాదు, లేజరమ్మది కూడా. పైగా ఎందుకు చేశావని అడుగుతారు. గీతలో మొగుణ్ణి చూసుకున్నానని అంతమంది ముందు ఎలా చెప్పుకోవడం?

"సున్నా అని చెప్పడం వరకే నా పని," అన్నాడు ఆయన లేస్తూ. "మిగతాది నీ ఇష్టం. నా నోట్లోంచి మాత్రం రాదు."

"నేను చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఎవరికీ తెలీదు."

"నీకు తెలుస్తుందిగా."

ఆయన తలుపు తెరిచి పట్టుకుని, ఆమె ముందు నడవడానికి దారిచ్చాడు.

సమావేశం గదిలో పొడవాటి బల్ల చుట్టూ అతిథులు కూర్చున్నారు. గోడంత తెర మీద గీత పరిచి ఉంది. లోపలికి అడుగుపెడుతూనే ఆయన దాన్ని చూశాడు. మూడేళ్ళుగా తనకు చూపించనిది. గుమ్మంలోనే ఆగిపోయాడు, వెనక వస్తున్న మనిషి భుజానికి తగిలినా కదల్లేదు.

పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకున్నారు. "మొగుడూ పెళ్ళాల మధ్య మూడేళ్ళు రహస్యం దాగిందంటే అదే మొదటి వింత, ఫలితం రెండో వింత," అన్నారు. అందరూ నవ్వారు. "రావయ్యా తాళంచెవీ. వచ్చి తలుపు తియ్యి."

ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వేళ్ళు మీటల మీద పెట్టాడు. తల తిప్పి భార్యను చూడలేదు. చూస్తే సైగ చేసినట్టవుతుందని కాబోలు, కళ్ళు మీటల మీదే ఉంచాడు. నిదానంగా, మామూలు కంటే చాలా నిదానంగా, ఒక్కో అక్షరం కొట్టడం మొదలుపెట్టాడు.

"తెరవకండి," అంది అక్కగారు.

నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది. ఉపన్యాసంలా కాకుండా ఇంట్లో తప్పు ఒప్పుకున్నట్టు చెప్పింది. దాచిన అంకె కనిపెట్టాననుకుని పొరబడ్డానని చెప్పింది. నియమం ప్రకారం చెప్పకుండా దాచానని చెప్పింది. గీత అటూ ఇటూ పోయినప్పుడల్లా రోజులు తీసేసి మళ్ళీ అక్కడికే తెచ్చానని చెప్పింది.

"కనిపెట్టినప్పుడే నాతో ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు పెద్దాయన. ఆ గొంతులో కోపం లేకపోవడమే ఆమెకు కష్టమైంది.

"చెబితే మీరు అంకె మార్పిస్తారు. అప్పుడు నాకు రోజూ కనిపించేది ఆయనది కాకుండా పోతుంది." బల్ల అంచు ఇంకా వదల్లేదు. "ఇంట్లో ఎవరూ ఉండరు సార్. అత్తగారు పెందలాడే పడుకుంటుంది. నాకు అదొక్కటే ఉండేది."

 అతిథుల్లో ఒకాయన తన కలం మూత పెట్టడం, తీయడం మొదలుపెట్టాడు.

లేజరమ్మ గొంతు బల్ల ఆ చివర నుంచి వచ్చింది. గలగలలు లేవు. "అక్కగారూ, అందులో నా మూడేళ్ళు కూడా ఉన్నాయి. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా లేజరు ఆగకూడదని నేను ఇక్కడే ఉన్నాను. నన్నొక్క మాట అడిగితే నేనే వచ్చి మీతో కూర్చునేదాన్ని కదా."

 మూడేళ్ళూ పక్క గదిలో ఒక మనిషి ఉంది. ఆ మనిషితో కాఫీ తాగుదామని ఆమెకు ఒక్కనాడూ తోచలేదు.

పెద్దాయన తెర వైపు తిరిగారు. "తీసేసిన రోజులు ఉంచావా, చెరిపేశావా?"

"ఉన్నాయి. దేన్నీ చెరపలేదు."

"అన్నీ తిరిగి పెట్టు. మంచీ చెడూ చూడకు, కారణాలు చూడకు. ఇప్పుడే, మా అందరి ముందే పెట్టు."

తాళంచెవి లేచి భార్యకు కుర్చీ ఇచ్చాడు. ఆమె కూర్చుంది. కుర్చీ ఇంకా ఆయన వెచ్చదనంతోనే ఉంది. నాలుగు మాటలు కొట్టి వదిలేసింది.

తెర ఖాళీ అయింది. ఎడమ చివర నుంచి చుక్కలు పడడం మొదలైంది. మొదటి ఏడాది మనకు తెలిసిన దారిలోనే నడిచింది, ముప్పై ఏడుకు కాస్త అటూ ఇటూగా. గీత చదునైపోతుందేమో, అంతా తన భ్రమేనేమో, అదే మంచిదేమో అనుకుంటూ ఆమె ఒక్కో చుక్కనూ చూసింది. రెండో ఏడాది మొదలయ్యింది. తిరిగొచ్చిన చుక్కలు ఒక్కొక్కటే పైకి వెళ్ళి కూర్చున్నాయి. ఒకటీ అరా కాదు, వరసగా. గీత లేచింది. మూడో ఏడాది సగానికి వచ్చేసరికి చుక్కలు తెర పై అంచు దాటిపోయాయి. లేజరమ్మ అలవాటుగా లేచి వచ్చి కొలత పెంచింది. మళ్ళీ దాటిపోయాయి. మళ్ళీ పెంచింది.

అది గీత కాదు, వంపు. జారడమే కాదు, జారే వేగం కూడా పెరుగుతోంది. మొగుడి మాట వింటున్నాననుకుని అక్కగారు దాన్ని మూడేళ్ళపాటు తన చేత్తోనే కత్తిరించి ముప్పై ఏడుకు కుదించుకుంటూ వచ్చింది.

"స్ఫటికంలోనే ఏదైనా లోపముందేమో," అన్నాడు కలం అతిథి సన్నగా.

"ఉండొచ్చు. లేకపోవచ్చు కూడా," అన్నారు పెద్దాయన.  "ఈ గీతను ఇక ఎవరూ నమ్మరు. నమ్మకూడదు కూడా. కొత్త స్ఫటికం తేవాలి, కొత్త అంకె పెట్టాలి, మొదటి నుంచి మొదలెట్టాలి. గడియారం మాత్రం అమ్మాయే నడపాలి, ఆ పని వేరేవాళ్ళ వల్ల కాదు. ఏ రోజు తీసేయాలో తేల్చేది ఇకమీదట ఇంకొకరు. మళ్ళీ మూడేళ్ళో, అంతకంటే ఎక్కువో." బల్ల చుట్టూ చూశారు. "తాళంచెవిగా ఎవరుంటారు?"

 అక్కగారు మెల్లగా పక్కకు తిరిగింది. ఆయన ఆమె కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. ఒక అడుగు దూరం. ఇవాళ్టితో ఆయన పని అయిపోయింది. పెట్టె సర్దుకుని ఇంటికి రావచ్చు. ఆ మాట అనడానికి ఆమె నోరు తెరిచింది.

ఆయన ఆమెను చూడడం లేదు. కళ్ళార్పకుండా తెరనే చూస్తున్నాడు, మూడేళ్ళు ఆమె చూసినట్టే.

"నేనుంటాను," అన్నాడు.

పెద్దాయన కళ్ళద్దాలు తీశారు. "మళ్ళీ నువ్వేనా?"

"ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషే నా అంకె పట్టుకోలేకపోయింది. నాకంటే గట్టి తాళం మీకెక్కడ దొరుకుతుంది?"

బిగుసుకుపోయిన గదిలో ఎవరో ముందు నవ్వారు. ఆ వెనక అందరూ నవ్వారు. లేజరమ్మ ఒక్కతే నవ్వలేదు, అక్కగారి వైపు చూస్తూ ఉండిపోయింది. నవ్వులు సద్దుమణిగేదాకా పెద్దాయన ఆగారు. గడియారం నడిపే మనిషి ఒప్పుకోనిదే తాళంచెవిని పెట్టే వీల్లేదు.

"నువ్వేమంటావు అమ్మాయ్?" అన్నారు. "ఆయన్ని ఉండమందామా?"